గ్రీన్ కార్డుతో వచ్చిన తల్లిదండ్రులకు మెడికేర్ వచ్చేదాకా వైద్యం ఎలా?

విశ్రాంత గణితం (ఎడిసన్, న్యూజెర్సీ)

సభ్యులందరికీ నమస్కారం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. నాకు 68, మా ఆవిడకు 64. మా అమ్మాయి అమెరికా పౌరురాలు కావడంతో మా ఇద్దరికీ గ్రీన్ కార్డులు వచ్చాయి. పోయిన నెలలో ఇక్కడ దిగాం. నాకు షుగరు, బీపీ, గుండెలో ఒక స్టెంటు. ఆవిడకు రెండు మోకాళ్లూ అరిగాయి. అక్కడ పింఛనుదారుల ఈహెచ్‌ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య పథకం) కార్డు ఉంది కనుక ఆసుపత్రి ఖర్చు గురించి ఎప్పుడూ పెద్దగా తలపట్టుకోలేదు. ఇక్కడ ఆ కార్డు జేబులో ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

అరవై ఐదు దాటిన వాళ్లందరికీ మెడికేర్, అంటే ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా, ఉంటుందని విని వచ్చాం. తీరా వచ్చాక ఐదేళ్లు ఆగాలంటున్నారు. అల్లుడు ప్రయాణికుల బీమా చవక, అది తీసుకుందాం అంటున్నాడు. అమ్మాయి మార్కెట్‌ప్లేస్ (ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా అమ్మకపు వేదిక) అంటోంది గాని, అక్కడి ప్రీమియం చూసిన దగ్గర నుంచి ఇద్దరూ ఆ మాట ఎత్తడం లేదు. వాళ్ల మీద ఇంత బరువు వేయడం నాకు ఇష్టం లేదు. ఈ దారిన నడిచినవాళ్లు చెబితే, కూడికలూ తీసివేతలూ నేను చూసుకుంటాను.

రాత్రి డ్యూటీ (డల్లాస్)

మాష్టారూ, నేను ఇక్కడ ఎమర్జెన్సీలో నర్సుని. ప్రయాణికుల బీమా గురించి మాత్రం చెబుతాను, మిగతాది తెలిసినవాళ్లు రాస్తారు.

వాటిలో రెండు రకాలు. ఒకదానిలో ఆసుపత్రి గదికి రోజుకు ఇంత, అంబులెన్సుకు ఇంత అని ముందే రాసి ఉంటుంది. అసలు బిల్లు దానికి ఎన్నో రెట్లు వస్తుంది, తేడా మీ నెత్తిన. అల్లుడుగారికి చవకగా కనిపించింది ఇదే అయి ఉంటుంది. రెండో రకం కొంచెం నయం. డిడక్టిబుల్, అంటే మొదట మీ జేబులోంచి పోవాల్సిన మొత్తం, మీరు కట్టాక, పాలసీ పరిమితి వరకు బిల్లులో పెద్ద భాగం ఇస్తుంది. కానీ రెంటిలోనూ మీ షుగరుకు, బీపీకి మామూలుగా డాక్టరు దగ్గరికి వెళ్తే ఒక్క డాలరు రాదు. ముందే ఉన్న జబ్బు హఠాత్తుగా ముదిరితే ఇస్తామనే షరతు ఒకటి పెద్ద అక్షరాల్లో వేస్తారు. దాని కింద చిన్న అక్షరాలున్నాయి: ముందస్తు లక్షణాలేవీ ఉండకూడదు, 24 గంటల లోపు చికిత్సకు వెళ్లాలి. వయసు పెరిగేకొద్దీ ఇచ్చే మొత్తం తగ్గిపోతుంది, ఒక వయసు దాటాక ఆ షరతే ఎగిరిపోతుంది.

ఛాతీ బరువుగా ఉన్నా, పిల్లలు ఆఫీసు పనుల్లో ఉన్నారని రెండు రోజులు ఓర్చుకుని వచ్చే పెద్దవాళ్లను చూస్తూనే ఉంటాను. "మొన్నటి నుంచీ ఉంది" అని వాళ్లు డాక్టరుకు చెప్పిన మాట రికార్డులోకి ఎక్కుతుంది. క్లెయిమ్ కొట్టేయడానికి అది చాలు. డాక్టరు దగ్గర దాచమని కాదు నేననేది, రెండు రోజులు ఆగవద్దని.

ఇంకొకటి. 1986 నుంచి ఇక్కడ ఒక చట్టం ఉంది. మెడికేర్ తీసుకునే ఏ ఆసుపత్రి అయినా ఎమర్జెన్సీకి వచ్చిన మనిషిని పరీక్షించి, స్థితి కుదుటపడేవరకు చూడాలి. బీమా లేదని వెనక్కి పంపకూడదు. బిల్లు తరువాత వస్తుంది, తప్పకుండా వస్తుంది. లాభాపేక్ష లేని ఆసుపత్రులకు ఆర్థిక సహాయ విధానం ఉండి తీరాలి. దాని దరఖాస్తు మీరే అడిగి తీసుకోవాలి.

పాలసీ పద్దు (జెర్సీ సిటీ)

నేను బీమా ఏజెంటుని, కనుక నా మాట కొంచెం అనుమానంతోనే వినండి. అయినా మాష్టారికి ముందు చెప్పాల్సింది గడువు గురించి. కొత్తగా అమెరికా వచ్చి స్థిరపడినవాళ్లు మార్కెట్‌ప్లేస్ పాలసీ కొనుక్కోవడానికి 60 రోజులు ఇస్తారు. అది దాటితే నవంబరు 1న మొదలయ్యే వార్షిక నమోదు దాకా తలుపు మూసి ఉంటుంది. మీరు దిగి నెల అయింది అంటున్నారు. అంటే సగం అయిపోయింది.

ఇక్కడ స్టెంటు ఉందని కాదనడానికి వీల్లేదు, ప్రీమియం పెంచడానికీ వీల్లేదు. 2014 నుంచి అంతే. వయసును బట్టి మాత్రం పెరుగుతుంది, అదీ 21 ఏళ్లవారి ధరకు మూడు రెట్లు మించకూడదు. మీ ఇద్దరూ ఆ పై గీత దగ్గరే ఉన్నారు.

ఇప్పుడు అసలు చిక్కు. నిన్నమొన్నటి దాకా గ్రీన్ కార్డుతో కొత్తగా వచ్చిన తల్లిదండ్రులకు మంచి వెసులుబాటు ఉండేది. మామూలుగా పేదరిక రేఖకు దిగువన ఉన్నవాళ్లు పేదలకిచ్చే ప్రభుత్వ బీమా మెడికెయిడ్‌కు వెళ్లాలి. కానీ 1996 చట్టం వల్ల గ్రీన్ కార్డు వచ్చిన ఐదేళ్ల దాకా అందులో చాలామందికి చోటు లేదు. ఆ లోటు పూడ్చడానికి, ఆదాయం ఎంత తక్కువైనా మార్కెట్‌ప్లేస్ రాయితీ ఇచ్చేవారు. చాలామంది అమ్మలూ నాన్నలూ నామమాత్రపు ప్రీమియంతో గడిపేశారు. 2025లో వచ్చిన చట్టం ఆ దారిని 2026 జనవరి 1 నుంచి మూసేసింది. కరోనా కాలంలో పెంచిన అదనపు రాయితీలు కూడా 2025తోనే ముగిశాయి. కాబట్టి మూడేళ్ల కిందట వచ్చిన మీ పక్కింటివాళ్లు "మాకు ఇరవై డాలర్లే" అని చెబితే అది అబద్ధం కాదు. ఆ కాలం పోయింది, అంతే.

ఇద్దరున్న కుటుంబానికి 2026 పాలసీల కోసం చూసే పేదరిక గీత ఏడాదికి 21,150 డాలర్లు. భారతదేశంలో వచ్చే పింఛను, బ్యాంకు వడ్డీ, ఇంటి అద్దె అన్నీ ఇందులో కలుస్తాయి. అమ్మాయి ఇచ్చే చేతిఖర్చు కలవదు. మీ ఆదాయం ఆ గీత దాటితే కేంద్ర రాయితీ వస్తుంది, దాటకపోతే రాదు. డబ్బు తక్కువ ఉన్నవాడే పూర్తి ధర కట్టాలన్నమాట. నాకూ వింతగానే ఉంది. న్యూజెర్సీ రాష్ట్రం సొంతంగా ఇచ్చే రాయితీ కూడా ఒకటి ఉంది, మీకు వర్తిస్తుందో లేదో దరఖాస్తు నింపితేనే తేలుతుంది.

ఇక మెడికేర్. అమ్మాయి ఇన్నేళ్లుగా పన్ను కడుతోంది కదా, తల్లిదండ్రులకు ఎందుకు ఇవ్వరు అని వారానికి ఒకరైనా అడుగుతారు. పిల్లల పన్ను లెక్కలోకి రాదు. మీరో, మీ జీవిత భాగస్వామో ఇక్కడ పదేళ్లు, అంటే 40 త్రైమాసికాలు పనిచేసి ఉంటేనే ఆసుపత్రి ఖర్చుకు సంబంధించిన పార్ట్ ఎ ఉచితం. లేకపోతే ఐదేళ్లు నిరంతరం ఇక్కడ నివసించాక కొనుక్కోవాలి. 2026లో పార్ట్ ఎ నెలకు 565 డాలర్లు, డాక్టరు ఖర్చులకు సంబంధించిన పార్ట్ బి 202.90 డాలర్లు. ఇది ఒక్కొక్కరికి. పార్ట్ బి ఒక్కటే తీసుకోవచ్చు గాని, పార్ట్ ఎ కొనేవాళ్లు పార్ట్ బి కూడా తీసుకోవాల్సిందే.

బెజవాడ బాబాయి (విజయవాడ)

ఇదంతా చదివితేనే నాకు బీపీ పెరిగింది. మాష్టారూ, మీరు తిరిగి వచ్చేయండి!

2017లో మన కేంద్ర ప్రభుత్వం స్టెంట్లకూ మోకాలి పరికరాలకూ ధరల పరిమితి పెట్టింది. మామూలుగా వాడే మోకాలి పరికరానికి అప్పట్లో 54,720 రూపాయలు నిర్ణయించారు. ఆసుపత్రి ఖర్చు వేరే అనుకోండి. అయినా ఇక్కడ రెండు మోకాళ్లకూ అయ్యే మొత్తం అక్కడ ఒక్క రాత్రి పడకకు సరిపోతుందేమో! ఈహెచ్‌ఎస్ ఉంది. రెండేళ్లు ఆగితే మీకు డెబ్బై నిండుతాయి, ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది, ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం. 2024 అక్టోబరులో మొదలుపెట్టారు. డాక్టరు మన భాషలో మాట్లాడతాడు. కాంపౌండరు కూడా కుశలం అడుగుతాడు. అన్నీ వదులుకుని ఆ చలిలో ఎందుకు?

పూర్తిగా రాలేకపోతే ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ ఉండండి. మా వీధిలో సగం మంది చేస్తున్నది అదే.

రాత్రి డ్యూటీ (డల్లాస్)

బాబాయిగారూ, స్టెంటు వేయించుకున్న మనిషికి అర్ధరాత్రి చెమటలు పడితే ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు? కాంపౌండరు కుశలం అడుగుతాడు సరే, ఆపరేషన్ థియేటరు బయట బెంచీ మీద కూర్చునేది ఎవరు? మా అమ్మానాన్నలు గుంటూరులో ఉన్నారు. నేను ఇక్కడ ఎవరి అమ్మకో సెలైన్ ఎక్కిస్తుంటాను. ఈ ప్రశ్నకు ధరల పట్టికలో జవాబు లేదు.

తిరుగు టపా (హైదరాబాద్)

బాబాయిగారి ఆరునెలల సలహా మీద ఒక మాట. రెండు పడవల మీద కాళ్లు పెట్టేటప్పుడు ఇమిగ్రేషన్ లెక్క కూడా చూసుకోవాలి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఒకేసారి ఆరు నెలలు దాటి బయట ఉంటే పౌరసత్వానికి కావలసిన నిరంతర నివాసం తెగినట్టు లెక్కగడతారు, కాదని మీరు రుజువు చేసుకోవాలి. ఏడాది దాటితే కార్డుకే ముప్పు. పెద్ద ఆపరేషను కోసం ఎక్కువ కాలం ఉండాల్సి వస్తే, అమెరికాలో ఉండగానే రీ ఎంట్రీ పర్మిట్‌కు దరఖాస్తు పెట్టి బయలుదేరాలి. అది కార్డును కాపాడుతుంది గాని, పౌరసత్వానికి కావలసిన ఐదేళ్ల లెక్కను కాపాడదు. మెడికేర్ కొనుక్కోవడానికీ ఐదేళ్ల నిరంతర నివాసమే కావాలి కనుక, ఆరు నెలలు దాటిన ప్రయాణం ఆ తేదీని కూడా ప్రశ్నార్థకం చేస్తుంది. నాలుగున్నర నెలల్లో తిరిగి వెళ్తే ఏ గొడవా లేదు.

నాది మాష్టారికి ఎదురు దిశ. ఇల్లినాయిలో ఉద్యోగం చేసి, అక్కడి పౌరుణ్ణయి, రిటైరయ్యాక ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చే) కార్డుతో కొండాపూర్‌లో ఉంటున్నాను. నాలాంటివాళ్లు ఈ మధ్య ఎక్కువవుతున్నారు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మెడికేర్ హైదరాబాద్‌లో పనిచేయదు. దాదాపు ఏ విదేశంలోనూ పనిచేయదు. పార్ట్ ఎ ఉచితం కనుక అది ఉన్నా నష్టం లేదు. పార్ట్ బి దగ్గరే అందరూ ఆగిపోతారు. వాడని దానికి నెలనెలా 202.90 డాలర్లు ఎందుకు అనిపిస్తుంది. మానేసి, ఎప్పుడో మళ్లీ వెళ్లి చేరితే, మానేసిన ప్రతి పూర్తి ఏడాదికి ప్రీమియం మీద పది శాతం జరిమానా, బతికినన్నాళ్లూ. ఆరేళ్ల తరువాత వెళ్తే అరవై శాతం ఎక్కువ. పైగా వెళ్లిన మర్నాడే చేర్చుకోరు. జనవరి నుంచి మార్చి వరకు ఉండే నమోదు కాలంలో చేరితే తరువాతి నెల నుంచి అమలు. ఏప్రిల్‌లో జబ్బుపడి వెళ్తే మరుసటి జనవరి దాకా ఎదురుచూపే. నేను కడుతూనే ఉన్నాను. మా పిల్లలు అక్కడే ఉన్నారు, ఎనభై దాటాక ఎక్కడ ఉంటామో ఎవరికి తెలుసు? పిల్లలు కూడా వెనక్కి వచ్చేసినవాళ్లు కట్టకపోయినా తప్పు లేదంటాను.

మందుల పార్ట్ డి సంగతి వేరు. విదేశంలో నివసించేవారికి అది దొరకనే దొరకదు కనుక, తిరిగి వెళ్లిన రెండు నెలల్లో చేరితే జరిమానా పడదు. మెడికేర్‌ను ప్రైవేటు కంపెనీ ద్వారా తీసుకునే అడ్వాంటేజ్ ప్లాన్‌లో ఉన్నవాళ్లు వరుసగా ఆరు నెలలు దాటి తమ ప్రాంతంలో లేకపోతే మామూలుగా తొలగిస్తారు. మెడికేర్ ఇవ్వని ఖర్చు పూడ్చే మెడిగ్యాప్ పాలసీలు కొన్నిటిలో విదేశీ ఎమర్జెన్సీకి 250 డాలర్లు పోను 80 శాతం ఇస్తారు. అయితే ప్రయాణంలో మొదటి 60 రోజులకే, జీవితకాలంలో 50,000 డాలర్ల వరకే. సెలవులకు వచ్చేవాళ్లకు పనికొస్తుంది, కాపురం పెట్టేవాళ్లకు కాదు.

ఇక భారతదేశంలో బీమా. ఓసీఐ వాళ్లకు వయ వందన రాదు, అది పౌరులకే. ప్రైవేటు పాలసీయే దిక్కు. అది ముందుకంటే సులువైంది. 2024 ఏప్రిల్ నుంచి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కొత్త నిబంధనల్లో 65 ఏళ్ల గరిష్ఠ వయసు లేదు. ముందే ఉన్న జబ్బులకు వేచి ఉండే కాలం మూడేళ్లకు మించకూడదు. ఐదేళ్లు వరుసగా పాలసీ నడిస్తే, మోసం ఉంటే తప్ప జబ్బు చెప్పలేదనే కారణంతో క్లెయిమ్ కాదనకూడదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ తీసేశారు. అరవై దాటినవారి ప్రీమియాన్ని ఏడాదిలో పది శాతం కన్నా పెంచాలంటే కంపెనీ ఐఆర్‌డీఏఐతో ముందుగా సంప్రదించాలి.

సంతకం పెట్టే ముందు రెండు చోట్ల వేలు పెట్టి చదవండి. ఒకటి కో పే. పెద్దవాళ్ల పాలసీలు కొన్నిటిలో ప్రతి క్లెయిమ్‌లో 20 శాతం మీదే అని ఉంటుంది. రెండోది గది అద్దె పరిమితి. పరిమితి మించిన గదిలో చేరితే అద్దెలో తేడా ఒక్కటే కాదు, డాక్టరు ఫీజు నుంచి ఆపరేషన్ ఖర్చు దాకా అదే నిష్పత్తిలో కోస్తారు. నాకు తెలిసిన ఒకాయనకు బిల్లులో మూడో వంతు అలాగే పోయింది.

వెనక్కి రావాలనుకునేవాళ్లు రిటైరవడానికి మూడేళ్ల ముందే ఇక్కడ పాలసీ తీసుకోండి. వేచి ఉండే కాలం ఉద్యోగంలో ఉండగానే గడిచిపోతుంది.

నయాగరా నారాయణ (టొరంటో)

కెనడా వాళ్లకోసం. తల్లిదండ్రులకు సూపర్ వీసా ఉంది, 2022 జులై నుంచి ఒక్కసారి వస్తే ఐదేళ్ల వరకు ఉండవచ్చు. కనీసం లక్ష కెనడా డాలర్ల వైద్య బీమా, ఏడాది కాలానికి తప్పనిసరి. ఇదివరకు కెనడా కంపెనీల దగ్గరే కొనాలి. 2025 జనవరి నుంచి ఇక్కడి నియంత్రణ సంస్థ అనుమతి ఉన్న విదేశీ కంపెనీల పాలసీలూ ఒప్పుకుంటున్నారు.

ఈ పాలసీల్లో ఒక మెలిక ఉంది. ముందే ఉన్న జబ్బు 'స్థిరంగా' ఉంటే ఇస్తామంటారు. స్థిరం అంటే పాలసీని బట్టి 90 రోజులో 180 రోజులో మందు మారకూడదు, మోతాదు కూడా మారకూడదు. విమానం ఎక్కే ముందు అంతా సరిచూసుకుందామని మన పెద్దవాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్తారు. ఆయన బీపీ మాత్రను 25 నుంచి 50 చేస్తాడు. అంతే, స్థిరత్వం పోయింది. పరీక్షలన్నీ ప్రయాణానికి ఆరేడు నెలల ముందే ముగించండి.

లెస్టర్ లేఖ (లెస్టర్)

బ్రిటన్ గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు, ఎందుకంటే 2012 నుంచి తల్లిదండ్రులను శాశ్వతంగా తెచ్చుకోవడం దాదాపు అసాధ్యం. చూడ్డానికి వచ్చినవాళ్లకు ప్రమాద, అత్యవసర విభాగంలో చికిత్స ఉచితమే. వార్డులో చేర్చుకున్న క్షణం నుంచి అసలు ఖర్చుకు ఒకటిన్నర రెట్లు వేస్తారు. ఆ బాకీ 500 పౌండ్లు దాటి రెండు నెలలు నిలిచిపోతే హోం ఆఫీసుకు చెబుతారు, వచ్చేసారి వీసాకు అడ్డొస్తుంది. బీమా లేకుండా ఎవరినీ విమానం ఎక్కించకండి.

విశ్రాంత గణితం (ఎడిసన్, న్యూజెర్సీ)

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి అమ్మాయి, నేను కూర్చుని లెక్క వేశాం. నా పింఛను ఆ 21,150 డాలర్ల గీతకు సగం కూడా లేదు. అంటే పూర్తి ధర వర్గంలోనే ఉన్నాం. ఇద్దరికీ కలిపి అన్నిటికన్నా తక్కువ రకం పాలసీ ప్రీమియం కూడా నా పింఛనును మింగి ఇంకా నోరు తెరుస్తోంది. డిడక్టిబుల్ వేరే. ఐదేళ్ల తరువాత మెడికేర్ కొన్నా ఇద్దరికీ పార్ట్ ఎ, పార్ట్ బి కలిపి నెలకు 1,535.80 డాలర్లు. అప్పటికి ఇంకా పెరుగుతుంది.

రెండు సందేహాలు. రాత్రి డ్యూటీగారు చెప్పిన ఆర్థిక సహాయం మాలాంటివాళ్లకు వర్తిస్తుందా? ముప్పై ఏళ్లు జీతం తీసుకున్నవాణ్ణి, దానం అడగాలంటే మనసు ఒప్పడం లేదు, అయినా తెలుసుకుందామని. రెండోది, నెలనెలా షుగరు, బీపీ మందులకు ఏం చేయాలి?

రాత్రి డ్యూటీ (డల్లాస్)

దానం అనుకోకండి మాష్టారూ. లాభాపేక్ష లేని ఆసుపత్రులు పన్ను మినహాయింపు పొందుతాయి, దానికి బదులుగా ఇవ్వాల్సిందే ఇస్తాయి. న్యూజెర్సీలో అయితే చారిటీ కేర్ అని రాష్ట్రం నడిపే పథకమే ఉంది. ఆదాయం పేదరిక రేఖకు రెట్టింపు లోపు ఉంటే ఆసుపత్రి ఖర్చు మొత్తం, మూడు రెట్ల లోపు ఉంటే కొంత భాగం తీరుస్తారు. ఆస్తులకూ పరిమితి ఉంది కనుక బ్యాంకు కాగితాలు అడుగుతారు. ఆసుపత్రి బిల్లుకే ఇది. డాక్టర్లు విడిగా పంపే బిల్లులు ఇందులోకి రాకపోవచ్చు, ప్రతిదానికీ విడిగా అడగాలి.

మామూలు వైద్యానికి కేంద్ర నిధులతో నడిచే కమ్యూనిటీ ఆరోగ్య కేంద్రాలున్నాయి. ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తారు. మెట్‌ఫార్మిన్, బీపీ మాత్రల్లాంటి పాత జెనరిక్ మందులు కొన్ని పెద్ద దుకాణాల్లో నెలకు నాలుగైదు డాలర్లకే దొరుకుతాయి, కానీ ఇక్కడి డాక్టరు చీటీ ఉండాలి. ఊరి నుంచి సూట్‌కేసు నిండా మాత్రలు తెప్పించుకోవద్దు. మూడు నెలలకు సరిపడా, చీటీతో సహా తెచ్చుకుంటే చాలు.

బెజవాడ బాబాయి (విజయవాడ)

నర్సమ్మ అడిగిన దానికి నా దగ్గర జవాబు లేదు. మాకు అబ్బాయి ఇక్కడే ఉన్నాడు కనుక ఆ బెంచీ సంగతి తట్టలేదు. కానీ చెల్లెమ్మ మోకాళ్లు మాత్రం ఇక్కడే చేయించండి మాష్టారూ. అది ఎమర్జెన్సీ కాదు, అక్కడ దానికి ఏ చారిటీ వాళ్లూ తొందరపడరు. ఈహెచ్‌ఎస్‌లో ఏ ఆసుపత్రిలో కుదురుతుందో నేను వెళ్లి కౌంటరు దగ్గర కనుక్కుంటాను. మంచాన ఉన్నన్నాళ్లూ భోజనం మా ఇంటి నుంచి వస్తుంది.

విశ్రాంత గణితం (ఎడిసన్, న్యూజెర్సీ)

బాబాయిగారూ, ముఖపరిచయం లేకుండానే ఇంత మాట అన్నారు, సంతోషం. ఇంట్లో ఒక ఒప్పందానికి వచ్చాం. స్టెంటు ఉన్నది నాకు కనుక మార్కెట్‌ప్లేస్ పాలసీ నా ఒక్కడికి. ప్రీమియంలో నా పింఛను పోను మిగిలింది అమ్మాయి కడుతుంది. ఆవిడ ఇండియా వెళ్లి, వాళ్ల చెల్లెలి తోడుతో మోకాళ్లు చేయించుకుని నాలుగు నెలల్లో తిరిగి వస్తుంది. అప్పటిదాకా ఆవిడకు ఇక్కడ పాలసీ అనవసరం అని నా వాదన. అమ్మాయి మాత్రం ఒప్పుకోవడం లేదు. పద్దుగారు తీర్పు చెప్పాలి.

పాలసీ పద్దు (జెర్సీ సిటీ)

మీ అమ్మాయి భయం ఉత్తది కాదు. అరవై రోజుల గడువు ఇద్దరికీ ఒకే రోజు ముగుస్తుంది. ఇప్పుడు వదిలేస్తే ఆవిడకు మళ్లీ దారి నవంబరు నమోదులోనే, అమలయ్యేది జనవరి 1న. తిరిగి వచ్చాక అప్పటిదాకా ఆవిడ చేతిలో ఏమీ ఉండదు. ఇక్కడి రాష్ట్ర చట్టం ప్రకారం బీమా లేనివారికి పన్నులో జరిమానా ఉంది గాని, మీ ఆదాయానికి మినహాయింపు రావచ్చు, దాని గురించి బెంగ వద్దు. ఆవిడ ప్రయాణం నవంబరు తరువాతకు జరిపితే రెండూ కలిసి వస్తాయి. నమోదు ఇక్కడ ఉండగానే చేసి, మోకాళ్లు అక్కడ చేయించుకుని, కొత్త ఏడాదిలో పాలసీ చేతిలో పెట్టుకుని దిగవచ్చు. అంతవరకు మోకాళ్లు ఆగుతాయా అన్నది ఆవిడనే అడగండి, అమ్మాయినో నన్నో కాదు.

మీ దరఖాస్తు మాత్రం ఈ వారమే పెట్టండి. గ్రీన్ కార్డు, దిగిన రోజు ముద్ర ఉన్న పాస్‌పోర్టు, పింఛను స్లిప్పులు దగ్గర పెట్టుకోండి. ఈ నెలాఖరు లోపు ఎంచుకుంటే ఒకటో తారీఖు నుంచి అమలవుతుంది.